సీలియాక్ ఉన్నవాళ్లు ఎముకలు కాపాడుకోవడం ఎలా: సంగటి ఒక్కటే చాలదు

నలభై ఒకటో ఏట వాకిట్లో కల్లాపి చల్లుతూ కాలు జారి పడ్డాను. చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకు ఎముక విరగకూడదే అని కట్టు కట్టిన డాక్టరే అన్నారు. అప్పటికి పదేళ్లుగా రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతున్నాను. కడుపుబ్బరాన్ని, విరేచనాలను గ్యాస్ అనుకుని సర్దుకుపోయాను. సీలియాక్ అని తేలింది ఆ తర్వాతే. అప్పుడు మా అమ్మ అడిగిన మాట ఇంకా చెవిలో ఉంది: "చిన్నప్పటి నుంచి రాగిసంగటి తిన్న బిడ్డవి, నీకు ఎముకలు మెత్తబడేదేంది మే?"

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు తెలిస్తే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో అర్థమవుతుంది.

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్న ప్రేగు మీదికే తిరగబడుతుంది. ప్రేగు లోపలి గోడ మీద వరి నారుమడిలా ఒత్తుగా సన్నటి పోగులు ఉంటాయి. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది అవే. గ్లూటెన్ తగిలినప్పుడల్లా అవి అరిగిపోయి మడి బీడు పడుతుంది. చిన్న ప్రేగు మొదటి భాగం ఎక్కువగా దెబ్బతింటుంది, కాల్షియం, ఐరన్ బాగా ఒంటబట్టేది కూడా అక్కడే. అందుకే రోజుకు రెండు ముద్దలు సంగటి తిన్నా ఒంటికి పట్టేది కొంచెమే.

ఇంకో సంగతి కూడా ఉంది. రక్తంలో కాల్షియం తగ్గగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లో దాచిన కాల్షియాన్ని లాగి రక్తంలోకి పంపిస్తాయి. దాంతో రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ అనే వస్తుంది, ఎముక మాత్రం లోపల గుల్లవుతూ ఉంటుంది. ఆ రిపోర్టు ఒక్కటే చూసి "ఎముకలు బాగున్నాయి" అనుకోకండి. నేను రెండేళ్లు అలాగే అనుకున్నాను.

కాబట్టి ముందు ప్రేగు నయం కావాలి. తర్వాత విటమిన్ డి, ఆ తర్వాత కాల్షియం, దాని మీద వ్యాయామం. వరుస తప్పితే మాత్రల డబ్బు వృథా.

ఇంకా నిర్ధారణ కాకుంటే గోధుమలు అప్పుడే మానకండి

ఇది వింతగా అనిపించవచ్చు. కానీ మానేశాక పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. ముందు రక్తంలో టీటీజీ ఐజీఏ (సీలియాక్‌ను పట్టించే యాంటీబాడీ పరీక్ష), దాంతోపాటు టోటల్ ఐజీఏ చేయించండి. పాజిటివ్ వస్తే ఎండోస్కోపీలో ప్రేగు ముక్క తీసి చూస్తారు. మన వైపు డాక్టర్లకు ఈ జబ్బు తట్టకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో వందలో ఒకరికి మించి ఉంటే దక్షిణాన వెయ్యిలో ఒకరికే ఉంది. ఏళ్ల తరబడి రక్తహీనత తగ్గకపోయినా, చిన్న దెబ్బకు ఎముక విరిగినా, మీరే నోరు తెరిచి "సీలియాక్ పరీక్ష రాస్తారా సార్" అని అడగండి.

మొదటి ఏడాది అసలు పని: పిండి మిషన్, ఇంగువ

గ్లూటెన్ పూర్తిగా మానితే ఎముక సాంద్రత ఎక్కువగా కోలుకునేది మొదటి ఏడాదిలోనే. అందుకే ఈ ఏడాది వంటింటి మీద పట్టుగా ఉండాలి.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం. వరి, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్ర, అన్నిటిలోనూ గ్లూటెన్ లేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన సూర్యనంది కొర్ర మన చుట్టుపక్కల పొలాల్లోనే పండుతోంది. చప్పాతీ లేకుండా ఎట్లా బతకాలని ఉత్తరాదివాళ్లు పడే బాధ మనకు లేదు.

కానీ ధాన్యం పిండి అయ్యే దారిలోనే మోసం జరుగుతుంది. ఊళ్లో పిండి మిషన్ ఒకటే ఉంటుంది. మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్తారు. రాళ్ల మధ్య, గొట్టంలో, పిండి పట్టే గుడ్డలో మిగిలినదంతా మన రాగిపిండిలోకి దిగుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా ప్రేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. గోధుమపిండిలో దాదాపు పదోవంతు గ్లూటెనే. అంటే అర గ్రాము పిండి చాలు, ఒక్క చిటికెడు. నేను గోధుమ ముట్టకుండా ఎనిమిది నెలలు ఉన్నా టీటీజీ దిగలేదు. డాక్టరు "దొంగతనంగా తింటున్నారా?" అన్నట్టు చూశారు. కారణం మిషన్లో పట్టించిన రాగిపిండి అని తెలుసుకోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఇలా చేయండి. రాగులు, జొన్నలు గింజలుగానే కొనండి. పళ్లెంలో పోసి వెలుతురులో చూస్తే గోధుమ గింజలు కనిపిస్తాయి, ఏరేయండి. రెండుమూడు సార్లు కడిగి ఆరబెట్టండి. పిండి ఇంట్లోనే పట్టుకోండి. వారానికి సరిపడా కొంచెం కొంచెంగా అయితే మిక్సీ చాలు. గోధుమలు ఎప్పుడూ విసరని ఇసుర్రాయి ఇంట్లో మూలన ఉంటే దాన్ని దింపండి. వీలైతే ఇంటి పిండి మిషన్ ఒకటి కొనుక్కోండి, నా లెక్కలో అది కాల్షియం మాత్రల కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు. బయట పట్టించక తప్పకపోతే పొద్దున్నే, మిషన్ శుభ్రం చేసిన వెంటనే వెళ్లి, ముందు రెండు కిలోల బియ్యం పట్టించి ఆ పిండి మిగతావాళ్లకు వాడండి. దీంతో కల్తీ తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు, గుర్తుంచుకోండి.

రెండోది ఇంగువ. చాలామంది డబ్బాలో ఉన్నదంతా ఇంగువే అనుకుంటారు. అందులో అసలు ఇంగువ కొంచెమే. మిగతాది చాలా బ్రాండ్లలో మైదానో గోధుమపిండో. పులిహోర, చారు, అప్పడాలు, మురుకులు, సాంబారు పొడి, అన్నిటిలోకీ ఇదే దారి. లేబుల్ చదివి బియ్యప్పిండితో చేసినది తెచ్చుకోండి, లేదా ఇంగువే మానేసి వెల్లుల్లి తాలింపు వేయండి.

మూడోది, కొన్న రాగి మాల్ట్. కొన్నిటిలో గోధుమ కానీ బార్లీ మాల్ట్ కానీ కలుస్తుంది. గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఫుడ్ సేఫ్టీ సంస్థ నియమం. ఆ మాట ఉన్నవే కొనండి.

హోటల్లో జొన్నరొట్టె తినేముందు అడగండి, రొట్టె విరగకుండా కొందరు గోధుమపిండి కలుపుతారు. ఉగ్గానిలో బొరుగులు, పుట్నాల పొడి ఉంటాయి కాబట్టి భయం లేదు. పక్కన పెట్టే బజ్జీ శనగపిండిదే అయినా మైదా వస్తువులు వేయించిన నూనెలోనే అది కూడా వేగుతుంది. ఉప్మా రవ్వ, సేమియా, ఓళిగలు, గుడిలో ఇచ్చే రవ్వకేసరి, ఇవన్నీ గోధుమే. "దేవుడి ప్రసాదం, ఒక్క పలుకు తింటే ఏమవుతుంది" అని పెద్దవాళ్లు అంటారు. కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేయండి. పెళ్లిళ్లలో నేను అన్నం, పెరుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఊరిమిండితో ముగిస్తాను. మొదట్లో బంధువులు నొచ్చుకున్నారు. ఇప్పుడు మా పిన్ని వాళ్లింట్లో నాకోసం వేరే గరిటె పెడతారు.

ఏ పరీక్షలు, ఎప్పుడు

జబ్బు తేలినప్పుడే ఇవి అడగండి: 25 హైడ్రాక్సీ విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పైన చెప్పిన పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను). డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపం. పీటీహెచ్ ఎక్కువుంటే ఎముకల్లోంచి కాల్షియం లాగుతున్నట్టే.

ఎముక ఎంత గట్టిగా ఉందో చూసేది డెక్సా స్కాన్. బల్ల మీద పడుకోబెట్టి నడుము, తుంటి చూస్తారు. నొప్పి ఉండదు, రేడియేషన్ చాలా తక్కువ. మెడికల్ షాపు ముందు ఉచిత క్యాంపు పెట్టి మడమ మీద చిన్న మిషన్ ఆనించి చెప్పే అంకె ఇది కాదు. ఆ అంకెను నమ్మి మందు మొదలుపెట్టడం గానీ, "బాగుంది" అని ఊరుకోవడం గానీ వద్దు. ల్యాబుకు ఫోన్ చేసినప్పుడు "నడుము, తుంటి చూసే డెక్సా ఉందా" అని స్పష్టంగా అడగండి. కర్నూలులోనో తిరుపతిలోనో బెంగళూరులోనో, ఎక్కడ చేయించినా తర్వాతి స్కాన్ కూడా అదే మిషన్ మీద చేయించండి. వేర్వేరు మిషన్ల అంకెలు పోల్చలేం.

రిపోర్టులో టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చిన అంకె) మైనస్ 1 వరకు మామూలు, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 లోపు సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5 గానీ ఇంకా కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారే జబ్బు. ఇది ముట్లుడిగిన ఆడవాళ్లకు, యాభై దాటిన మగవాళ్లకు. అంతకంటే చిన్నవాళ్లు జెడ్ స్కోరు (తమ వయసువాళ్లతో పోల్చిన అంకె) చూడాలి, అది మైనస్ 2 గానీ అంతకంటే కింద గానీ ఉంటే వయసుకు తగ్గట్టు లేదని అర్థం.

అక్కాచెల్లెళ్లకు ఒక మాట. మన రాష్ట్రంలో నలభై లోపే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముక నష్టం ఆరోజు నుంచే వేగంగా మొదలవుతుంది. దానికి సీలియాక్ తోడైతే డెక్సాకు ఒక్క ఏడాది కూడా ఆగకండి. మగవాళ్లూ "ఇది ఆడవాళ్ల జబ్బు" అనుకోవద్దు.

బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించండి

సీలియాక్ గురించి వేరే రాష్ట్రాలవాళ్లు రాసే సలహాల్లో ఇది కనిపించదు, మనకు మాత్రం తప్పనిసరి. అనంతపురం జిల్లాలో, కడప, కర్నూలు జిల్లాల్లో కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే అది ఎముకలో చేరి, ఎముక చూడ్డానికి దట్టంగా, నిజానికి పెళుసుగా తయారవుతుంది. డెక్సాలో నడుము అంకె బాగున్నట్టు వచ్చి మనల్ని మోసం చేస్తుంది. కాల్షియం లోపం ఉన్నవాళ్లలో ఫ్లోరైడ్ చేటు ఇంకా ఎక్కువ.

బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లయితే ఆ విషయం డాక్టరుకు, స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి. ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఫ్లోరైడ్ చూపించండి. ఎక్కువుంటే కాచడం వల్ల పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ తీయదు. ఆర్వో తీస్తుంది. ఊరికి నది నీళ్లో సత్యసాయి పథకం నీళ్లో వస్తుంటే తాగడానికి, వంటకు అవి వాడుకోవడం మేలు. సంగటి కలిపే నీళ్లు కూడా తాగే నీళ్లతో సమానమే.

విటమిన్ డి

మనకు ఎండకు కొదవ లేదు కదా, డి ఎందుకు తగ్గుతుందని అనుకుంటాం. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో టౌన్‌వాళ్లలోనే కాదు, పొలం పనిచేసే పల్లెవాళ్లలోనూ చాలామందికి డి తక్కువని తేలింది. పైగా సీలియాక్‌లో కొవ్వు సరిగ్గా అరగదు కాబట్టి కొవ్వుతో కలిసి పోయే డి కూడా పట్టదు.

ఎండకు ఒక సులువైన గుర్తు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే చర్మం డి బాగా తయారుచేస్తుంది. మన వైపు డిసెంబరులో అది సుమారు పదకొండు నుంచి ఒకటిన్నర దాకా. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నరకే నీడ పొట్టిదవుతుంది, అప్పుడు పావుగంట చేతులకు, కాళ్లకు ఎండ తగలనిచ్చి లోపలికి వచ్చేయండి. మిట్టమధ్యాహ్నం ఎండదెబ్బ తెచ్చుకోవద్దు. ఉదయం ఆరింటి లేత ఎండ హాయిగా ఉంటుంది కానీ డి ఇవ్వదు.

లోపం తేలితే ఎండ చాలదు, మందు కావాలి. మామూలుగా 60,000 యూనిట్ల పొడి లేదా క్యాప్సూల్ వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. వారానికి ఒక్కటి. రోజూ వేసుకుని కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లున్నారు. క్యాలెండర్‌లో ఆదివారం మీద గుండ్రం చుట్టండి, నెయ్యి వేసుకున్న అన్నం తిన్నాక వేసుకోండి. కోర్సు అయిన తర్వాత మూడు నెలలకు మళ్లీ పరీక్ష. సొంతంగా కొనసాగించకండి.

కాల్షియం: పళ్లెంలోంచి మొదలుపెట్టండి

సీలియాక్ ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కనీసం 1000 మిల్లీగ్రాములు కావాలి, ముట్లుడిగినవాళ్లకు 1200.

నా రోజు లెక్క ఇది. పావు లీటరు పాలు 300, అంతే పెరుగు ఇంకో 300. ముద్దలో 50 గ్రాముల రాగిపిండి ఉంటే 170 దాకా, రెండు ముద్దలకు 340. నువ్వుల పొడి ఒక చెంచా, పది గ్రాములు, 100కు పైగా. వెయ్యి దాటింది. రాగుల్లోని ఫైటేట్ కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి ఒక రోజు మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి పిండి చేస్తే ఆ పట్టు సడలుతుంది. ఆకుకూరల్లో పాలకూర, తోటకూర అంకెలు పెద్దగా కనిపిస్తాయి కానీ ఆక్సలేట్ వల్ల ఒంటబట్టేది తక్కువ. తినండి, లెక్కలో వేసుకోకండి. మునగాకు మంచిది, పప్పులో వేసుకోండి.

మొదట్లో పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే భయపడకండి. పాల చక్కెరను అరిగించే ఎంజైము కూడా ఆ పాడైన పోగుల కొసల మీదే ఉంటుంది. ప్రేగు మానాక చాలామందికి పాలు మళ్లీ పడతాయి. అంతదాకా పెరుగు, మజ్జిగ.

తక్కువ పడితేనే మాత్ర. కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. ఒకేసారి 500 మించి ఒంటబట్టదు, రెండుసార్లుగా వేసుకోండి. ఐరన్ మాత్రకు రెండు గంటల దూరం, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరం పెట్టండి. సీలియాక్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ కూడా ఉండటం మామూలే, ఈ ఎడం పాటించకపోతే ఐరన్, థైరాయిడ్ మాత్రలు సరిగ్గా ఒంటబట్టవు. మాత్రలో గోధుమ పిండిపదార్థం ఉందేమో షాపువాళ్లను అడగండి.

ఎముకకు పని చెప్పడం

బరువు మోస్తేనే ఎముక గట్టిపడుతుంది. రోజూ అరగంట నడక, వీలైనన్నిసార్లు మెట్లు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. ప్రొటీన్ కూడా కావాలి: కందిపప్పు, పెసలు, ఉలవలు, చెనిక్కాయలు, తినేవాళ్లకు గుడ్లు. వెన్నుపూస ఇప్పటికే నలిగి ఉంటే నడుము ముందుకు వంచే ఆసనాలు, వంగి నీళ్ల బిందె ఎత్తడం మానండి. బాత్‌రూంలో గరుకు పట్టా, పట్టుకోవడానికి కడ్డీ వేయించండి. రాత్రి దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి. బీడీ, సిగరెట్ మానాలి. బీరు బార్లీతో చేస్తారు కాబట్టి అది అసలే వద్దు.

ఇంజెక్షన్ రాస్తే ముందు అడగాల్సింది

టీ స్కోరు బాగా తక్కువగా ఉంటే ఏడాదికోసారి వేసే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ లాంటివి రాస్తారు. అవి మంచి మందులే. కానీ విటమిన్ డి, కాల్షియం సరిచేయకుండా వేస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. పైగా డి లోపంతో ఎముక మెత్తబడే ఆస్టియోమలేషియా కూడా డెక్సాలో అచ్చం ఇలాగే కనిపిస్తుంది, దానికి కావాల్సింది డి, కాల్షియమే. "నా డి లెవెల్ సరిపోయిందా మేడం, పీటీహెచ్ చూశారా?" అని అడిగాకే చెయ్యి చాపండి. పిల్లల్ని కనాలనుకునే వయసులో ఉంటే ఆ సంగతీ చెప్పండి.

టీటీజీ ఆరు నెలలకోసారి, మామూలైపోయాక ఏడాదికోసారి. డెక్సా రెండేళ్లకు.

దీనికి మధ్యలో ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. ఉగాది రోజు పొద్దున తలంటుకు ముందు, చెప్పుల్లేకుండా గోడకు మడమలు, వీపు ఆనించి నిలబడండి. తల మీద పుస్తకం అడ్డంగా పెట్టించి పెన్సిల్ గీత గీయించండి, పక్కన సంవత్సరం రాయండి. కొత్త గీత పాతదానికంటే 2 సెంటీమీటర్లు కిందికి వచ్చినా, వయసులో ఉన్నప్పటి ఎత్తుకంటే 4 సెంటీమీటర్లు తగ్గినా, నొప్పి లేకపోయినా సరే, వెన్నెముక ఎక్స్‌రే తీయించండి. వెన్నుపూసలు చాలాసార్లు చప్పుడు లేకుండానే విరుగుతాయి.